పాలమూరు పలక మీద యతిప్రాసలు

గద్వాల త గణం. రెండు గురువులు, చివర ఒక లఘువు. వనపర్తి సల గణం: రెండు లఘువుల వెంట ఒక గురువు, మళ్లీ లఘువు. ఆత్మకూరు రెండు హ గణాలుగా విరుగుతుంది. నాగర్‌కర్నూలు మూడు గురువులతో మ గణంగా మొదలై, చివరి 'నూలు' దగ్గర హ గణమవుతుంది. ఛందస్సు పాఠం మొదలుపెట్టిన పిల్లలకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణలు దొరకవు. 'గద్వాల'లో మొదటి అక్షరం హ్రస్వమే కదా, అది గురువెట్లయింది అని ఎవరైనా అడిగారంటే సగం పాఠం వచ్చినట్టే. పక్కనున్నది సంయుక్తాక్షరం. దాని బరువు ముందున్న అక్షరం మీద పడుతుంది.

త, సల రెండూ ఇంద్ర గణాలు. హ సూర్య గణం. తేటగీతి పాదానికి ఒక సూర్య గణం, రెండు ఇంద్ర గణాలు, మళ్లీ రెండు సూర్య గణాలు కావాలి. 'ఆడ గద్వాల వనపర్తి యాత్మకూరు' అని రాసి చూస్తే గణాల లెక్క సరిపోతుంది. నాలుగో గణం మొదట్లో 'యా' పడింది కనుక పాదం తొలి అక్షరమైన 'ఆ'తో యతీ కుదిరింది. వనపర్తికీ ఆత్మకూరుకూ నడుమ వచ్చిన ఆ యకారం యడాగమం. ఒక్క పాదంలో గణం, యతి, సంధి మూడూ తెలిసిపోయాయి.

ఈ పారిభాషిక పదాలన్నీ ఎక్కడో రాజమహేంద్రవరంలో పుట్టి, మద్రాసులో అచ్చై, పాఠ్యపుస్తకం ఎక్కి ఇక్కడి బడికి చేరాయని చాలామంది అనుకుంటారు. నిజానికి తెలుగు వ్యాకరణ చరిత్రలో ఒక పెద్ద మలుపు ఈ నేల మీదే జరిగింది. నాగర్‌కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున జటప్రోలు ఉంది. పాత ఊరు శ్రీశైలం జలాశయం ముంపులో పోగా అక్కడి గుడిని విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. సురభి వంశీయుల సంస్థానానికి ఆ ఊరే పేరిచ్చింది. తరువాతి కాలంలో రాజధాని కొల్లాపురానికి మారింది. ఆ వంశంలో మాధవరాయలు దొర మాత్రమే కాదు, 'చంద్రికా పరిణయం' రాసిన ప్రబంధకవి కూడా. ఆ ఆస్థానాన్ని ఆశ్రయించిన మహాపండితుడు ఎలకూచి బాలసరస్వతి.

పదహారో శతాబ్దం చివర, పదిహేడో శతాబ్దం మొదట ఉన్న ఈ కవి చేసిన సాహసాలు తక్కువ కావు. రాముడి కథ, కృష్ణుడి కథ, పాండవుల కథ మూడూ ఒకే పద్యాల్లో వచ్చేలా 'రాఘవ యాదవ పాండవీయం' రాశాడు. భర్తృహరి సుభాషితాలను తెలుగు చేసి సురభి మల్లభూపాలుడి పేర 'మల్లభూపాలీయం' అన్నాడు. బడిపిల్లలకు ఎక్కువగా తెలిసిన ఏనుగు లక్ష్మణకవి అనువాదం దీని తరువాతిదే.

వీటన్నిటికంటే బడికి దగ్గరైనది 'బాలసరస్వతీయం'. నన్నయ పేర ప్రచారంలో ఉన్న 'ఆంధ్రశబ్దచింతామణి' తెలుగు భాషకు సంస్కృతంలో రాసిన వ్యాకరణం. సంజ్ఞ, సంధి, అజంతం, హలంతం, క్రియ అని అయిదు పరిచ్ఛేదాలు. తెలుగు నేర్చుకోవాలంటే ముందు సంస్కృతం రావాలన్న చిక్కు అందులోనే ఉంది. ఆ సూత్రాలకు తెలుగులో టీక రాసి ఆ చిక్కు విప్పిన తొలి వ్యాఖ్యాత బాలసరస్వతి. తెలుగు వ్యాకరణాన్ని తెలుగులోనే వివరించి చెప్పిన తొలినాటి గురువుల్లో ఒకడు జటప్రోలు కొలువులో ఉన్నాడన్నమాట.

ఈ పుస్తకం చుట్టూ ఒక కథ అల్లుకుంది. దాన్ని చెప్పినవాడు కాకునూరి అప్పకవి. ఆయన ఇంటిపేరులోని కాకునూరు ఉమ్మడి పాలమూరు జిల్లాలోనిదేనని తెలంగాణ సాహిత్య చరిత్రకారులు చెబుతారు. 1656లో మొదలుపెట్టిన 'అప్పకవీయం'లో ఆయన చెప్పిన ప్రకారం, నన్నయ మీద కోపంతో భీమకవి చింతామణిని గోదావరిలో కలిపేశాడు. రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు దాన్ని అప్పటికే కంఠస్థం చేసి ఉన్నాడు. తరాల తరువాత మతంగ పర్వతం దగ్గర ఆ పుస్తకాన్ని బాలసరస్వతికి అందించాడు. అయిదారు వందల ఏళ్ల ఎడం ఉన్న ఇద్దరు ఎట్లా కలిశారని కథను అడగకూడదు. అసలు చింతామణి నన్నయదేనా అన్న దాని మీదే పండితులు చాలాకాలం వాదించుకున్నారు. అయితే ఈ కథ ఒక సంగతి చెబుతుంది: పదిహేడో శతాబ్దపు పండితులకు చింతామణి బాలసరస్వతి చేతుల మీదుగానే అందింది. అప్పకవి దానికి వ్యాఖ్య రాయాలని కూచున్నా, ఆయన పుస్తకం నిలిచింది మాత్రం ఛందస్సు వల్ల. యతిభేదాలు, ప్రాసభేదాలు తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు కవులు తరాల తరబడి ఆ పుస్తకమే తిప్పారు.

ఇప్పుడు బడిలో చెప్పే వ్యాకరణానికి నేరుగా ఆధారం పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన 'బాలవ్యాకరణం'. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు చెప్పిన సూరి పది పరిచ్ఛేదాల్లో విషయాన్ని సర్దాడు. తత్సమం, ఆచ్ఛికం, కారకం, సమాసం, తద్ధితం అంటూ పిల్లలు వల్లెవేసే పేర్లు ఆ వరుసలోనివే. సూత్రాలు తెలుగులోకి వచ్చినా, వాటి వెనక చింతామణి చట్రం అట్లాగే ఉంది.

అచ్చుపుస్తకం వచ్చినా పాలమూరు సంస్థానాల్లో ఛందస్సు చెవితోనే బతికింది. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న పేరు ఊరికే రాలేదు. మాఘ, కార్తిక మాసాల్లో అక్కడ పండిత సభలు జరిగేవి. శాస్త్రచర్చలో నెగ్గినవారికి సన్మానాలు, వార్షికాలు ముట్టేవి. 1924 నుంచి సంస్థానం ఏలిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ ఆ ఆనవాయితీని నిలిపారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు కొలువులన్నీ చూసినవారే. అవధానంలో సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి, వర్ణన అని పృచ్ఛకులు అడుగుతుంటే, సభలో కూచున్న కుర్రవాడికి గణం తప్పితే ఏమవుతుందో, యతి కుదిరితే ఎట్లా ఉంటుందో విడమరిచి చెప్పే పని లేదు. సభ గొల్లుమనడం, 'భళా' అనడం వింటే చాలు. వనపర్తి కొలువులో పనిచేసిన మానవల్లి రామకృష్ణకవి తాళపత్రాల వేటగాడు. నన్నెచోడుడి 'కుమారసంభవం' 1909లో ఆయన వల్లే వెలుగు చూసింది. రసం, భావం అన్న మాటలకు మూలమైన భరతుడి నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుడి వ్యాఖ్యతో సహా పరిష్కరించిందీ ఆయనే.

అయితే సంస్థానం గడి దాటి సామాన్యుడి పిల్లవాడికి ఈ చదువు అందిందా? నిజాం రాజ్యంలో ఉర్దూ బోధనాభాష. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయమూ ఉర్దూలోనే చెప్పింది. తెలుగు ఇంట్లోనో, పంతులు దగ్గరో నేర్చుకోవాలి. తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపు ఆ రోజుల్లోదే. దానికి జవాబు నడిగడ్డ బిడ్డ నుంచి వచ్చింది. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాసి సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ పత్రిక' పెట్టారు. 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. పాలమూరు సంస్థానాల కవులూ అందులో ఉన్నారు. 1952 ఎన్నికల్లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు గెలిచారు.

మరో దారి పరీక్షల రూపంలో తెరుచుకుంది. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద అని వరుసగా పరీక్షలు పెట్టింది. సర్కారు బడిలో ఉర్దూ చదివినవారు కూడా సంధులు, సమాసాలు, అలంకారాలు నేర్చుకుని పట్టా పుచ్చుకోవచ్చు. 1953 జనవరిలో ఆ పరిషత్తు సభలు అలంపురంలో జరిగాయి. అలంపురం ఆలయాల చరిత్ర వెలికితీసిన గడియారం రామకృష్ణశర్మ ఆ ఊరివారే. విచిత్రమేమిటంటే కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. యతిప్రాసలకు పరీక్ష పెట్టే సంస్థ వేదిక మీద జనం మాటతో రాసిన కవిత్వం పుస్తకమై వచ్చింది. ఛందస్సూ వాడుకభాషా అప్పుడు ఒకే పందిరి కింద కూచున్నాయి.

సంస్థానాలు పోయాక ఆ పండిత సంప్రదాయానికి చోటిచ్చినవాటిలో నాగర్‌కర్నూలు దగ్గరి పాలెం ప్రాచ్య కళాశాల ఒకటి. అక్కడ చదివి తెలుగు సార్లయినవారు ఊరూరా కనిపిస్తారు. ఆ కళాశాలలో పాఠం చెప్పిన కపిలవాయి లింగమూర్తి 1928లో జినుకుంటలో పుట్టి, 2018లో కన్నుమూశారు. పద్యం ఎంత తేలిగ్గా రాసేవారో, పల్లెల వెంట తిరిగి గుళ్ల కథలు అంత ఓపికగా పోగుచేసేవారు.

ఇప్పటి పాఠ్యపుస్తకంలో ప్రతి పాఠం వెనక 'భాషాంశాలు' అన్న భాగం ఉంటుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ద్రుతం, కళల (ద్రుతం లేని పదాల) దగ్గర. ద్రుతమంటే పదం చివర దాగే నకారం. దాని తరువాత క, చ, ట, త, ప వస్తే అవి గ, జ, డ, ద, బలుగా మారతాయి. ఇది సరళాదేశం. ప్రథమా విభక్తి పదం తరువాతైతే అవే గ, స, డ, ద, వలవుతాయి. ఇది గసడదవాదేశం. కావ్యాల నుంచి తెచ్చిన ఉదాహరణలతో చెబితే ఇది గుండెలో రాయే. కానీ వనపర్తి బస్టాండులో నిలబడి వినండి. 'బస్సు వోయింది' అంటారు. 'ఆయన ఊరికి బోయిండు' అంటారు. క్రియ ఒక్కటే. 'బస్సు' ప్రథమలో ఉంది కనుక పకారం వకారమైంది. 'ఊరికి' చివరి విభక్తిలో ద్రుతం ఉంది కనుక అదే పకారం బకారమైంది. ఇంగ్లీషు నుంచి నిన్నగాక మొన్న వచ్చిన 'బస్సు' కూడా చింతామణి నియమానికి తలొగ్గింది. ఆ వాక్యం అన్న పిల్లవాడే మరునాడు పరీక్షలో గసడదవాదేశానికి ఉదాహరణ రాయలేక ఆ ఖాళీ వదిలేస్తాడు. బస్టాండు వాక్యాలు ముందు చెప్పి, సూత్రం తరువాత చెప్పినా సంధి పరిచ్ఛేదానికి వచ్చే లోటేమీ లేదు.