ఆరిన రంగు, కరగని రంగు: ఆక్రిలిక్‌తో వచ్చిన కొత్త సమస్య

ఒంగోలులో మే నెల మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటి పడమటి గాలి వీచేటప్పుడు, పళ్ళెంలో పిండిన ఆక్రిలిక్ రంగు కొద్ది నిమిషాల్లోనే పొర కడుతుంది. ఈ ఇబ్బందిని వాతావరణానికి ఆపాదించడం పరిపాటి. అయితే ఇవే ఎండల్లో తెలుగు చిత్రకారులు శతాబ్దాలుగా నీటి రంగులు వాడారు. కనుక కారణాన్ని ఎండలో కంటే, రంగుపొడిని పట్టి ఉంచే బంధకంలో వెతకడం సమంజసం.

సిద్దిపేట జిల్లా చేర్యాల పటచిత్రకారుల సంప్రదాయ బంధకం తిరుమణి జిగురు. రంగులను కొబ్బరి చిప్పల్లో కలుపుకుంటారు. ఎండకు అవీ త్వరగానే ఆరతాయి. కాని చెట్టు జిగురు ఆరినా నీటిలో కరిగే గుణాన్ని కోల్పోదు. చిప్పలో అడుగంటిన రంగు మరునాడు నాలుగు నీటి చుక్కలతో మళ్ళీ కుంచెకు అందుతుంది. ఆరిపోవడమంటే అక్కడ నష్టం కాదు, విరామం మాత్రమే.

తైలవర్ణాల స్వభావం వేరు. బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన దామెర్ల రామారావు (1897–1925) వంటివారు వాడిన ఈ రంగుల్లోని నూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడుతుంది. అందుకు రోజులు పడతాయి. ఒక రంగును మరొక రంగులోకి మెల్లగా కలిపి వెలుగునీడలు తీర్చే పద్ధతికి ఆ వ్యవధే ఆధారం.

ఆక్రిలిక్ ఈ రెండింటికీ భిన్నమైనది. జర్మనీలో ఓటో రోమ్ 1901లో ఆక్రిలిక్ పదార్థాలపై పరిశోధన సమర్పించినా, నీటితో కలిపే చిత్రకళా రంగులుగా అవి మార్కెట్‌లోకి వచ్చింది 1950ల నడుమనే. నీరు ఆవిరి కాగానే అందులోని సూక్ష్మమైన ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కొని పొరగా మారతాయి. ఆ పొర మళ్ళీ నీటికి లొంగదు. జిగురు రంగులా త్వరగా ఆరడం, తైలవర్ణంలా తిరిగి కరగకపోవడం ఇందులో ఏకమయ్యాయి.

తడి స్పాంజిపై కాగితం పరిచి దానిమీద రంగు పెట్టుకోవడం, సన్నని నీటి తుంపర చల్లడం, గ్లైకాల్ కలిసిన రిటార్డర్ వాడడం ప్రస్తుత ఉపాయాలు. రిటార్డర్ మోతాదు మించితే పొర జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది. 2008లో ఒక అమెరికన్ సంస్థ నెమ్మదిగా ఆరే ఆక్రిలిక్‌లనే విడుదల చేసింది. ఈ ఉపాయాలన్నీ తైలవర్ణపు వ్యవధిని తిరిగి తెచ్చే ప్రయత్నాలే కావడం గమనార్హం. చదునుగా రంగు నింపే పటచిత్రకారునికి ఆ అవసరం స్వల్పం. పక్క రంగు తడిలోకి పాకకపోవడం అతనికి సౌకర్యం కూడా. పటాల్లోకి కృత్రిమ రంగులు సులువుగా ప్రవేశించడానికి ఇదీ ఒక కారణమని భావించవచ్చు.

పటాల కాలనిర్ణయానికి ఈ భేదం ఉపకరిస్తుంది. ప్రాచీనమని చెప్పే పటంపై వార్నిష్, తైలం లేవని తేలిన తరువాత కూడా, కనబడని మూలలో తడి దూదికి రంగు అంటకపోతే, ఆ రంగు వయస్సును అనుమానించవలసి ఉంటుంది.