తెగులు – పైరుకూ, మనిషికీ

పాత నిఘంటువులు తిరగవేసేటప్పుడు 'తెగులు' అన్న మాట దగ్గర తరచు ఆగిపోతుంటాను. ఈనాడు ఆ మాట ఇంచుమించు పైరుకే పరిమితమైనది. వరికి అగ్గితెగులు, చెరకుకు ఎర్రకుళ్ళు తెగులు. పూర్వం తెగులు, తెవులు అన్న రెండు రూపాలూ మనుష్యుల రోగానికి కూడా చెల్లినవే. చేనుకూ చంటిబిడ్డకూ ఒకే మాట. మన పూర్వులకు సూక్ష్మక్రిమిశాస్త్రం ముందే తెలుసుననే గొప్పలకు నేను పోను. మాట వేరు, శాస్త్రం వేరు. కాని ఆ రెండు తెగుళ్ళూ ఒక్క దారినే నడుస్తాయని రుజువు కావడానికి పట్టిన కాలం, పడిన అవస్థ చెప్పుకోదగినవి.

ముందుగా మా ఇంటి సంగతి ఒకటి. నాకొక అన్న ఉండేవాడట. నేను పుట్టకముందే, మూడేళ్ళ ప్రాయంలో జ్వరంతో పోయాడు. దీపాల వేళ బిడ్డను చంకనెత్తుకుని చెరువుగట్టు మీదుగా వచ్చానని, అక్కడ గాలి సోకిందని, ఆ రాత్రే ఒళ్ళు కాలిపోయిందని మా అమ్మ చెప్పేది. నేరం తనదేనని ఆమె నమ్మకం. ఆ యేడే మా చేను ఆకుకొసల నుండి ఎండుకుంటూ వస్తే, దానికీ గాలి కొట్టిందనే అన్నారట.

ఇది మన పల్లెల అజ్ఞానం మాత్రమే అనుకోరాదు. మలేరియా అన్న ఇటాలియను మాటకు అర్థమే చెడుగాలి. కుళ్ళిన నేలనుండి లేచే ఆవిరులే రోగకారణమని ఐరోపా వైద్యులు పందొమ్మిదో శతాబ్ది నడిమి దాకా గట్టిగా నమ్మినారు. రోగి ఒంటిలో క్రిమి కనబడినా, అది రోగం వల్ల పుట్టినదే గాని రోగాన్ని పుట్టించినది కాదనేవారు. ఆ వాదాన్ని తలక్రిందులు చేసే పని మొదట జరిగినది ఆసుపత్రిలో కాదు, పొలంలో. ఫ్రాన్సులో బెనెడిక్ట్ ప్రెవో అనే ఆయన గోధుమకు పట్టే కాటుక తెగులును పరిశీలించి, అది సూక్ష్మమైన బూజు వల్లనే వస్తున్నదని, రాగి తగిలిన నీరు దానిని అణచివేస్తుందని 1807లోనే ప్రకటించినాడు. పారిస్ పండితులు అంగీకరించలేదు.

తరువాత 1845 వచ్చినది. ఆ వేసవిలో బెల్జియం, హాలెండ్ దేశాలలో బంగాళాదుంప ఆకులు నల్లబడి, దుంపలు కుళ్ళి కంపుకొట్టినవి. సెప్టెంబరుకు తెగులు ఐర్లాండు చేరినది. అక్కడి బీదరైతుకు మూడు పూటలా దుంపే ఆహారం. అందులోనూ ఎక్కువమంది వేసినది లంపర్ అనే ఒక్క రకమే. 1852 నాటికి దాదాపు పది లక్షలమంది చనిపోయినారు, అంతకు మించి వలసపోయినారు.

కారణమేమి? లండనులో జాన్ లిండ్లీ గొప్ప వృక్షశాస్త్రవేత్త. ఎడతెగని వానలకు మొక్క మోయలేనంత నీరు త్రాగి కుళ్ళిందని, బూజు ఆ కుళ్ళు మీద తరువాత పుట్టిందని ఆయన మతం. మైల్స్ బర్క్‌లీ అనే చర్చి పురోహితుడు కాదన్నాడు: బూజే కారణం, కుళ్ళు దాని ఫలితం. 1846లో ఆయన వ్యాసం వెలువడింది గాని నమ్మినవారు కొద్దిమంది. ఈ శాస్త్రవాదం ఇలా ఉండగా, కరువు సహాయాన్ని నడిపిన ఖజానా అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ దీనిలో దైవసంకల్పాన్ని చూచినాడు. ఈయనే తరువాత 1859లో మదరాసుకు గవర్నరై వచ్చినాడు. బూజు దుంపను చంపిన మాట నిజమే. ఆ యేళ్ళలో కూడా ఐర్లాండు నుండి ధాన్యం ఓడలకెక్కి పోవడానికి బూజు కారణం కాదు కదా!

వివాదాన్ని తేల్చినవాడు జర్మను పండితుడు ఆంటోన్ డి బేరీ. 1861లో ఆయన ఆరోగ్యంగా ఉన్న మొక్కలను రెండు వర్గాలుగా చేసి, రెంటినీ ఒకే చల్లదనంలో, ఒకే తేమలో ఉంచి, ఒక వర్గం మీద మాత్రమే ఆ సిద్ధబీజాలను చల్లినాడు. చల్లినవి తెగులుపడినవి, చల్లనివి పచ్చగా నిలిచినవి. అంతే. ఇంత చిన్న పరీక్ష పది లక్షల చావుల తరువాత గాని జరగలేదు. అయితే లిండ్లీ చూచిన వాన అబద్ధం కాదు. ఆ బీజాలనుండి వెలువడే సూక్ష్మాంగాలు ఆకుమీది నీటిపొరలో ఈదుతూ పోయి ఆకులో చొరబడతాయి. వాన తెగులును పుట్టించలేదు, దారి ఇచ్చినది. చూపు సరియైనదే, తీర్పు తప్పు. ఆ క్రిమికి డి బేరీ 1876లో ఫైటాఫ్తోరా అని పేరు పెట్టినాడు, మొక్కలను నాశనం చేసేది అని అర్థం. అదే యేడు రాబర్ట్ కోఖ్ పశువుల దొమ్మరోగానికి బాక్టీరియా కారణమని నిరూపించినాడు. 1882లో క్షయ సంగతి తేలినది.

ఇక్కడొక వింత. మనిషికి బాక్టీరియా వల్ల రోగం వస్తుందని ఒప్పుకున్న తరువాత, మొక్కకు రాదని ఆల్‌ఫ్రెడ్ ఫిషర్ అనే మరొక జర్మను పట్టుబట్టినాడు. అమెరికాలో ఎర్విన్ స్మిత్ 1897 నుండి 1901 దాకా ఆయనతో పత్రికలలో పోరాడి నెగ్గవలసి వచ్చింది. వైరస్ విషయంలో మళ్ళీ మొక్కదే మొదటి మెట్టు: పొగాకు ఆకు మీది మచ్చల తెగులు నుండే 1892లో ఇవనోవ్‌స్కీ, 1898లో బైయెరింక్ దాని జాడ పట్టినారు.

ఈ రెండు దారులూ నిజంగా కలిసినది మన కాలంలోనే. వరికి ఎండాకు తెగులు తెచ్చే జాంథోమోనాస్, మనిషికి టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా రెండూ సూదివంటి ఒక నిర్మాణంతో తమ మాంసకృత్తులను ఎదుటి జీవకణంలోనికి ఎక్కిస్తాయి. కాపలా కూడా అటువంటిదే. బాక్టీరియా ఈదే తోకను, అంటే కశాభాన్ని, పసికట్టే గ్రాహకం మొక్కలో 2000లో, మనిషిలో 2001లో గుర్తింపబడినవి. అంతకు ముందే, 1995లో, ఆఫ్రికా అడవివరి నుండి వచ్చిన ఎక్స్‌ఏ21 అనే రక్షక జన్యువును పమేలా రోనాల్డ్ బృందం వేరుచేసినది. మన బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరికి ఎండాకు తెగులు గండం ఉండేది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థల వారు ఆ జన్యువునూ మరి రెంటినీ సంకరం ద్వారా చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చినారు. లంపర్ దుంపను తలచుకుంటే, ఒకే వంగడం మీద ఇన్ని కంచాలు ఆధారపడిన చోట ఆ పని విలువ తెలుస్తుంది.

ఇక మా అమ్మ మాట. సంధ్యవేళ చెరువుగట్టున దోమలుంటాయి. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూచినది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టులో. కనుక ఆమె అనుమానంలోనూ లిండ్లీ వానలో వలె కొంత నిజముండవచ్చునని చాలాకాలం అనుకున్నాను, అది ఆమెకు చెప్పలేక ఊరుకున్నాను. మా అన్నది ఏ జ్వరమో ఇప్పుడు తేల్చలేము. కాని దోమ కుట్టిన తరువాత మలేరియా జ్వరం బయటపడడానికి తక్కువలో తక్కువ వారమైనా పడుతుంది. టైఫాయిడైనా అంతే, రోజులు గడవాలి. బిడ్డకు ఒళ్ళు కాలినది ఆ రాత్రే. క్రిమి ఏదైనా, గట్టు ఎక్కేనాటికే వాడి ఒంట్లో ఉన్నదన్నమాట.

ఈ లెక్క నాకు తెలిసేసరికి అమ్మ లేదు.