డోర్నకల్ దేవాలయం – పిడికెడు గింజలు



శ్రీరామనవమికి రైల్లో భద్రాచలం బయలుదేరిన వారికి డోర్నకల్ జంక్షన్ గుర్తుండే ఉంటుంది. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే దారిలో, ఖమ్మానికి కాస్త ముందు వస్తుంది. భద్రాచలం రోడ్డు అని పిలిచే కొత్తగూడెం స్టేషనుకు లైను అక్కడే చీలుతుంది. ఆ హడావిడిలో పిల్లల్నీ, సామాన్లనీ లెక్కపెట్టుకోవడంతోనే మనకు సరిపోతుంది. ఆ ఊళ్లో తప్పక చూడవలసిన క్రైస్తవ దేవాలయం ఒకటుంది. ఇవాళ దాని కథ చెప్పుకుందాం.

భద్రాచలం అడవుల్లోకి ఇంగ్లండు సంఘం వారు మొదట వచ్చింది గోదావరి పనుల వెంట. 1860 తర్వాత, నదిలో పడవలు ఎగువదాకా నడవాలని ప్రభుత్వం దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు చేయించింది. ఆ పనులు చూసే హెయిగ్ అనే ఇంజనీరు పూనికతో అక్కడి కోయల మధ్య మిషను మొదలైంది. పడవల పథకం 1871లో ఆగిపోయింది గాని, మిషను నిలిచింది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ అనే పాదిరీ కోయల ఆచారాల మీద రాసిన వ్యాసాలు ఇప్పటికీ చరిత్రకారులకు పనికొస్తున్నాయి. అయితే ఆ కాలంలో మన దేశంలో ఆ సంఘపు బిషప్పులందరూ దొరలే.

ఆ ఆనవాయితీ డోర్నకల్‌తో మారింది. తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళైలో 1874లో పుట్టిన వి. ఎస్. అజరయ్య 1909లో ఇక్కడికి వచ్చారు. మాతృభాష తమిళం. ఇక్కడి జనం కోసం తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు ఆయనే. నల్లవాడి కింద తెల్లవాళ్లు ఎలా పని చేస్తారని గొణిగిన వాళ్లూ లేకపోలేదు. ఆయన మాత్రం ఎడ్లబండి మీద పల్లె పల్లెకూ తిరిగి తన పని తాను చేసుకుపోయారు.

ఆయన భార్య అన్బు గారు ఆ రోజుల్లోనే కాలేజీ చదువు చదివిన స్త్రీ. పల్లెల్లోని ఆడవాళ్ల మధ్య పని చేయడానికి ఆమె ఎంతో పాటుపడ్డారు. ఆ సంఘాల్లో ఒక అలవాటు ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి దేవుడి పేరిట విడిగా కుండలో వేసేది. ఆదివారం దాన్ని గుడికి తెచ్చేది. పంటల పండుగకైతే ధాన్యం, కూరగాయలు, కోళ్లు కూడా కానుకలుగా వచ్చేవి. ఇచ్చింది కలిగినవాళ్లు అనుకునేరు! చాలామంది మాల, మాదిగ కూలీలు. పొద్దంతా పొలంలో వంగి పని చేస్తే గింజల రూపంలో కూలి దొరికేది. అందులోంచే ఆ పిడికెడు. వంటింటి లెక్క తెలిసిన మనకు ఆ పిడికెడు ఎంత బరువో వేరే చెప్పాలా?

గుడి కట్టడమంటే రామదాసుగారు ఎన్ని పాట్లు పడ్డారో మనకు తెలిసిందే. డోర్నకల్ గుడికీ ఏళ్లకు ఏళ్లు పట్టింది. చివరకు 1939 జనవరి 6న, జ్ఞానులు బాలయేసును దర్శించిన ఎపిఫనీ పండుగనాడు, ప్రతిష్ఠ జరిగింది. అందుకే దానిది ఎపిఫనీ కథెడ్రల్ అన్న పేరు. చూస్తే ఇంగ్లండు చర్చిలా ఉండదు. పైన గుమ్మటాలు, మినార్లు మసీదును తలపిస్తాయి. లోపల రాతి స్తంభాలు మన గుడి మండపాన్ని గుర్తు చేస్తాయి. చెక్కడాల్లో తామరపువ్వు కనిపిస్తుంది. దేవుణ్ణి కొలవడానికి పరాయి దేశపు వేషం అక్కర్లేదని అజరయ్య గారి నమ్మకం.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. మదురై మీనాక్షి ఆలయంలోకి హరిజనులు మొదటిసారి అడుగుపెట్టింది కూడా ఆ ఏడే, జూలై 8న. అంటే ఊరి గుడి గడప తొక్కనివ్వని మనుషులు, గుడి మండపంలాంటి మండపంలోనే, తమ సొంత గుళ్లో, దర్జాగా కూర్చున్నారన్నమాట. మతం మార్పిడి మీద మన అభిప్రాయం ఏదైనా కావచ్చు. కాని వాళ్లు అంతదూరం వెళ్లి గుడి కట్టుకోవలసి రావడంలో మన పెద్దల పాలు లేదని అనగలమా?

అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన సమాధి డోర్నకల్‌లోనే ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ గుడి అందులో చేరింది. 2016 నుంచి ఆ ఊరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

చరిత్ర పుస్తకాల్లో బిషప్పుగారి పేరుంటుంది. కుండలో పిడికెడు గింజలు వేసిన తల్లుల పేర్లుండవు. ఈసారి భద్రాచలం వెళ్తూ డోర్నకల్‌లో దిగినప్పుడు ఒక పూట ఆగి ఆ గుమ్మటాలు చూడండి. పిల్లలకు కథ చెప్పేటప్పుడు ఆ తల్లుల మాట మరిచిపోకండి.

సెలవు.