చాగలమర్రి దారిలో ద్రవ నత్రజని

నంద్యాలలో ఘనీకృత వీర్య వృషభ కేంద్రం ఉన్నది. మేలుజాతి ఆబోతుల, దున్నపోతుల వీర్యాన్ని పావు మిల్లీలీటరు పట్టే సన్నని గొట్టాలలో నింపి, సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో అక్కడ నిలువ చేస్తారు. ఆ చలినిచ్చేది ద్రవ నత్రజని. ఆళ్ళగడ్డ దాటిన పిమ్మట కడప బాటలోనున్న చాగలమర్రిలో ఒక ఎనుము ఎదకు వచ్చినదంటే, ఆ చలి నడుమ ఎక్కడా తెగకుండా దాని కొట్టందాకా చేరవలెను. మేలుజాతి పశువును పొగడేవారు పలువురు. ఈ చలిని మోసే పాత్రను తలచేవారు అరుదు. మేము చెప్పబూనినది ఆ పాత్ర కథ.

గాలిలో ఇంచుమించు అయిదింట నాలుగు పాళ్ళు నత్రజనియే. దానిని ద్రవంగా మార్చవచ్చునని 1883లో క్రాకో నగరంలో వ్రోబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. 1895లో జర్మనీలో లిండే గాలిని విరివిగా ద్రవీకరించే యంత్రాన్ని నిర్మించాడు. అయితే చేయడం వేరు, నిలుపుకోవడం వేరు. 1892లో లండనులో జేమ్స్ డ్యూయర్ రెండు గోడల నడుమ గాలిని తీసివేసిన పాత్రను కల్పించాడు. మన యిండ్లలో కాఫీ పోసుకొనే థర్మాస్ ఫ్లాస్కు దాని సంతతియే. నత్రజని పాత్రకు మాత్రం మూత బిగించరాదు. లోపల ద్రవం సదా మరుగుతూనే ఉంటుంది. ఒక్క లీటరు దాదాపు ఏడువందల లీటర్ల వాయువవుతుంది. బిగిస్తే పాత్ర పగులుతుంది. బిగించకపోతే ద్రవం కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. కనుక మరల మరల నింపడమొక్కటే ఉపాయం.

పూర్వం చలువ చేసిన వీర్యం రెండు మూడు దినాలకు మించి పనికివచ్చేది కాదు. గడ్డకట్టించినా బీజం బ్రతికేందుకు గ్లిసరిన్ తోడ్పడుతుందని 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ కనుగొన్నారు. అదియు సీసా చీటీ మారడం వలననట! మొదట దానిని సున్నాకు దిగువ 79 డిగ్రీల వద్ద, ఘనీభవించిన బొగ్గుపులుసు వాయువులో దాచారు. నత్రజని చలి వచ్చిన తరువాత ఆబోతు మరణించిన ఏండ్లకు కూడ దాని దూడలు పుట్టసాగినవి.

పల్లెలో పాత్ర అడుగంటితే గొట్టం రూపు మారదు. మంచిదీ చెడినదీ కంటికి ఒక్కటే. తిరిగి నత్రజని పోసినా పోయిన జీవం రాదు. మూడు వారాల తరువాత ఎనుము మరల ఎదకు వస్తేగాని రైతుకు నష్టం తెలియదు. అప్పుడతడు ఎనుమునే నిందిస్తాడు. కావుననే జాగ్రత్తగల గోపాలమిత్ర పాత్రలోనికి సన్నని పుల్లను దించి, పైకి తీసి, దానికి తెల్లని మంచు ఎంత మేర పట్టినదో కొలుచుకుంటాడు.