ఎర్రనేలకు తగిన ఇనుము

పెరట్లో నాలుగు మొక్కలు వేద్దామనుకునే కొత్తవాళ్లకు ఇప్పుడు పనిముట్లను పెట్టెలో సర్ది అమ్ముతున్నారు. ప్లాస్టిక్ పిడి వేసిన జానెడు పార, మూడు పళ్ల చిన్న గోరు, ఒక కత్తెర, చేతులకు తొడుగులు. కుండీలో నింపిన కొబ్బరిపొట్టుకు ఇవి చాలు. మొగుడంపల్లి వైపు నేలలో, అదీ ఏప్రిల్‌లో, ఆ గోరు దించి చూడండి. మట్టి కదలకముందే పళ్లు వంగుతాయి. తోటపని సామాన్ల చరిత్ర చెప్పబోతే ముందు నేల గురించి, ఆ తర్వాత ఆ నేల ఎవరి చేతిలో ఉందన్నదాని గురించి చెప్పక తప్పదు.

మొగుడంపల్లి మండల కేంద్రమైంది 2016 అక్టోబరులో, సంగారెడ్డి జిల్లా పుట్టినప్పుడు. అంతకుముందు పాత మెదక్ జిల్లాలో, జహీరాబాద్ మండలంలో ఒక ఊరు. పడమటికి కాస్త దూరం పోతే కర్ణాటక. ఈ జహీరాబాద్ ప్రాంతంలో నల్లరేగడి పక్కనే లాటరైటు ఎర్రనేల కనిపిస్తుంది. ఎరుపంతా అందులోని ఇనుముదే. లాటరైటు తడి మీద తేలిగ్గా తెగుతుంది, గాలికీ ఎండకూ ఆరితే గట్టిపడుతుంది. మలబారులో జనం దీన్ని ఇటుకల్లా కోసి గోడలు కట్టడం చూసిన ఫ్రాన్సిస్ బుకానన్ 1807లో దానికి ఆ పేరు పెట్టాడు. అక్కడ గోడ కట్టినదాంట్లో ఇక్కడ అల్లం, ఆలుగడ్డ, కంది పండిస్తున్నారు. అలాంటి నేలకు మొదటి పనిముట్టు పార కాదు, గడ్డపార.

గడ్డపార అన్నింటికన్నా పాతది కూడా. మొన చెక్కిన తవ్వుకోలకు అది ఇనుప రూపం. దక్కన్‌లో నవీన శిలాయుగపు ఊళ్లు తవ్వితే నడుమ చిల్లున్న గుండ్రాళ్లు దొరుకుతాయి. తవ్వుకోలకు బరువు కోసం తొడిగినవే ఇవని పండితుల్లో కొందరి ఊహ. బరువు చేతిది కాకుండా పనిముట్టుదే కావాలన్న తెలివి అప్పటిదే అన్నమాట. పెట్టెలో వచ్చే అల్యూమినియం సామానుకు లేనిది ఆ బరువే.

తెలంగాణకు ఇనుము ఆలస్యంగా వచ్చిందేమీ కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో కె.పి. రావు బృందం తవ్వి తీసిన ఇనుప వస్తువులకు క్రీస్తు పూర్వం 2000కు ముందటి కాలం లెక్క వచ్చింది. ఆ లెక్క మీద వాదం ఉంది, ఉండనివ్వండి. శాతవాహనుల నాటికి మాత్రం సందేహం లేదు. పెద్దబంకూరులో కమ్మరుల పనిచోటు బయటపడింది. మన సంగారెడ్డి జిల్లాలోనే ఉన్న కొండాపూర్ దిబ్బను 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తవ్వించింది. అక్కడ దొరికిన నాణేలు, పూసలు, మట్టిబొమ్మలతో పాటు ఇనుప వస్తువులనూ ఊళ్లోని మ్యూజియంలో చూడవచ్చు. జనం నాణేల దగ్గర ఆగిపోతారు. తుప్పు పట్టిన ఇనుము ముందు నిలబడేవాళ్లు తక్కువ.

ఇనుము ఉందంటే మంచి ఇనుము రైతు చేతికి వచ్చిందని కాదు. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా పోయి కత్తులైంది. 1820ల్లో అక్కడికి వెళ్లిన సర్వే డాక్టరు హెచ్.డబ్ల్యు. వాయిసీకి ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు తారసపడ్డాడు. ఉక్కు ముద్దలు పర్షియాకు పోయాయి, పారకూ కొడవలికీ మిగిలింది చిన్న కొలుముల్లో తీసిన మెత్తని ఇనుము. మెత్తని ఇనుము ఎర్రనేలలో తొందరగా అరుగుతుంది. ఏటా వానల ముందు మొన సాగదీయాలి, పదును పెట్టాలి, కొడవలికి కక్కులు కొట్టాలి. అందుకే ఊరికి కమ్మరి తప్పనిసరి అయ్యాడు. తిత్తి, దాగలి, సమ్మెట, పటకారు ఉన్న ఆ పాక దగ్గర మృగశిర కార్తెకు ముందు సందడి ఉండేది. చేసిన పనికి అప్పటికప్పుడు డబ్బు లేదు, పంట ఇంటికి వచ్చాక కళ్లంలో గింజలు కొలిచేవారు. తెలంగాణలో దాన్ని ఆయం అన్నారు, సరిహద్దు అవతల మరాఠీ పల్లెల్లో బలుతా అన్నారు.

ఈ ఏర్పాటును పల్లె సామరస్యానికి గుర్తుగా రాసేవాళ్లున్నారు. నాకు అంత నమ్మకం లేదు. ఆయం కొలిచేది పొలం ఉన్నవాడు, కమ్మరి చేసేదీ అతని నాగలికే, అతని గొర్రుకే. నాగలి మగవాళ్లది, ఆడవాళ్లు దున్నకూడదన్నారు. పొలం లేని ఇంటి ఆడమనిషికి దక్కినవి రెండే, కలుపుకు కుర్పి, కోతకు కొడవలి. రెండూ వంగి, లేదా గొంతు కూర్చుని చేసే పనులవి. ఒకరి పొలంలో కూలికి పోతూ కొంగున దోపుకుని వెళ్లిన కుర్పి ఆమె సొంత ఆస్తి, నేల మాత్రం కాదు.

అదే కుర్పికి ఈ ప్రాంతంలోనే మరో కథ ఉంది. 1983లో పస్తాపూర్ కేంద్రంగా మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో దళిత ఆడవాళ్ల సంఘాలు పెట్టింది. ఎవరూ పట్టించుకోని బీళ్లలో ఆ సంఘాల వాళ్లే రాళ్లు ఏరి, గట్లు వేసి, గడ్డపారతో పాదు చేసి, ఒకే చేలో జొన్న, కంది, సామ, కొర్ర, అనుములు కలిపి వేశారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఆ ఆడవాళ్లకు వచ్చింది. బహుమతి సంగతి పత్రికల్లో వచ్చింది, కుర్పి సంగతి రాలేదు. పంటలు కలిపి వేసిన చేలో గుంటక తిరగదు, సాలు సాలుకూ మొక్క వేరు కాబట్టి చూసి తీయాలి. కుర్పి పట్టిన చేయి తుమ్మికూరను, దొగ్గలిని, గునుగును, జొన్నచెంచలిని కలుపుతో కలిపి పారేయదు. అవి ఆ పూట కూర. కలుపు మందు చల్లితే ఈ కూరలన్నీ పోతాయి. కూరగాయల మడి వేసుకునే కొత్తవాళ్లు ఈ చూపు కూడా నేర్చుకోవాలని నా మాట. అది ఏ పెట్టెలోనూ దొరకదు.

తోట అనే మాటకు మనవాళ్ల మనసులో మెదిలేది మాత్రం వేరే వంశం, నవాబుల బాగులది. హైదరాబాద్ బాగ్-ఏ-ఆమ్ 1846 నాటిది. అక్కడి మాలీ చేతిలో పనిముట్లు దాదాపు ఇవే, పార, కుర్పి, నీళ్లకు తోలు సంచి. అందులోకి బయటి నుంచి వచ్చి కలిసిన ముఖ్యమైన వస్తువు కొమ్మ కత్తెర. ఫ్రాన్స్‌లో విప్లవానికి జడిసి లండన్‌కు పారిపోయిన బెర్ట్రాండ్ ద మొలవిల్ అనే మాజీ మంత్రి 1815 ప్రాంతంలో దాన్ని తయారుచేశాడని చెబుతారు. ద్రాక్షతోటల కూలీలు మొదట దాన్ని ముట్టుకోలేదు, వంకర కత్తే మేలన్నారు. మన గులాబీ తోటల వాళ్లు ఇప్పుడు దాన్ని సికేచర్ అంటారు. చిల్లుల మూతి (రోజ్) ఉన్న నీళ్ల డబ్బాకు ఇప్పటి రూపం ఇచ్చినవాడు జాన్ హాస్, 1886లో ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నాడు. నారుమడికి దాన్ని మించింది ఇంకా రాలేదు.

పారను కార్ఖానా మార్చింది. వుల్వర్‌హాంప్టన్‌లోని చిల్లింగ్టన్ కంపెనీ మొసలి గుర్తు పారలను సముద్రాలు దాటించి అమ్మింది. మనదేశంలో టాటావారి అగ్రికో పారలు 1920ల నుంచి వస్తున్నాయి. కార్ఖానా ఉక్కు ఏటా కమ్మరి దగ్గరికి పోవాల్సిన పని తగ్గించింది, దాంతో ఆయమూ సడలింది. కమ్మరి పూర్తిగా పోలేదు. లారీల కమాను పట్టాలు పాత ఇనుము దుకాణాల్లో దొరకడం మొదలయ్యాక అతనికి మునుపెన్నడూ లేనంత మంచి ఉక్కు చవగ్గా చేతికొచ్చింది. కమాను పట్టా కొట్టి చేసిన కొడవలి, గొడ్డలి పదును నిలుపుకుంటాయి. ముంబయి రహదారి మీద ఉన్న జహీరాబాద్‌కు లారీలేం తక్కువ? కోనసముద్రం ఉక్కు అందని చేతికి చివరికి లారీ ఉక్కు అందింది.

రైతు చేతికి మెరుగైన పనిముట్టు ఇవ్వాలని పెద్ద శాస్త్రం కూడా ప్రయత్నించింది. 1972లో పటాన్‌చెరులో మొదలైన ఇక్రిశాట్ నల్లరేగడి కోసం చక్రాల మీద నడిచే ఎడ్ల పనిముట్టును సిద్ధం చేసింది. ఫ్రెంచి ఇంజినీరు జాన్ నోల్ గీసిన ట్రాపికల్టర్ అది. ఒకే చట్రానికి నాగలి, గొర్రు, గుంటక అన్నీ బిగించవచ్చు. 1980ల మొదట్లో సంగారెడ్డి దగ్గరి తడ్డన్‌పల్లిలో రైతుల పొలాల్లోనే చూపించారు. బాగా పనిచేసింది. రైతులు పెద్దగా కొనలేదు. ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, చెడిపోతే ఊరి కమ్మరికి చేతకాదు. పాల్ స్టార్కీ 1988లో ప్రపంచమంతా ఇలాంటి పనిముట్ల కథ రాసి, పరిపూర్ణం చేశారు, తిరస్కరించారు అని పుస్తకానికి పేరే పెట్టేశాడు.

ఆ తర్వాత జహీరాబాద్ ట్రాక్టర్ల ఊరైంది. 1980ల్లో ఆల్విన్ నిస్సాన్ వ్యాన్ల కోసం వెలిసిన కార్ఖానా మహీంద్రా చేతికి వచ్చింది. తర్వాత ఆ కంపెనీ అక్కడే ట్రాక్టర్లూ మొదలుపెట్టింది. 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో విడుదల చేసిన ఓజా చిన్న ట్రాక్టర్లు, 20 నుంచి 40 హార్స్‌పవర్ వరకూ, ఇక్కడ తయారయ్యేవే. తోటల సాళ్లలో తిరగడానికే వాటిని చిన్నగా చేశారు. మరీ చిన్న కమతంలో, వంగ మొదలు దగ్గర అవీ ఆగాల్సిందే. అక్కడ ఇంకా కుర్పి.

కాబట్టి కొత్తగా మడి వేసుకునేవాళ్లు కొనాల్సినవి ఎక్కువేం కావు. గడ్డపార, పార, కుర్పి, కొడవలి, నీళ్ల డబ్బా, మట్టి ఎత్తడానికి తట్ట. గులాబీయో, జామో ఉంటే సికేచర్. పార కొనేటప్పుడు రేకు పలచనా మందమా అన్నది తర్వాత చూడండి, ముందు కామ దూర్చే కన్ను చూడండి. అక్కడ అతుకు సరిగా లేకపోతే మొదటి వానకే ఊడుతుంది. కుర్పి పిడిలోకి దిగిన ఇనుప తోక చివరిదాకా ఉండాలి, సగంలో ఆగినదైతే గట్టినేలలో తిరుగుతుంది. కామ దుకాణంలో వేసి ఇచ్చేది వద్దు. మీ ఎత్తు చెప్పి, బాగా ఎండిన తుమ్మకర్రతో వడ్లాయన చేత వేయించుకోండి. పొట్టి కామతో పొడుగు మనిషి పార పని చేస్తే మూడో రోజుకు నడుము పట్టేస్తుంది.