తార్నాకలో తీగ, నాకా

పోయిన నెల తార్నాకలో మా ఇంటి వెనక వీధిలో దొంగతనం జరిగింది. అదీ పట్టపగలు. ఇంట్లోవాళ్లు పెళ్లికెళ్లి వచ్చేసరికి తాళం విరిగి ఉందట. అమ్మ ఫోన్లో ఈ సంగతి ఎంతో మామూలుగా చెప్పింది, ఆ రోజు ఏం కూర వండిందో చెప్పినట్టు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న పోయాక ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. నేనేమో బెంగళూరులో..

సాఫ్టువేరు వాడికి భయమేస్తే ఏం చేస్తాడు? ఆన్‌లైన్లో ఏదో ఒకటి కొంటాడు :) నేనూ అదే చేశాను. మనమే బిగించుకునే అలారం సెట్టు: ఒక సైరను, తలుపులకి నాలుగు సెన్సర్లు, మనిషి కదిలితే పట్టేది ఇంకోటి, రెండు కెమెరాలు. శుక్రవారం రాత్రి బస్సెక్కి, శనివారం పొద్దున్నే డ్రిల్లు పట్టుకున్నాను. గోడకి కన్నం వేస్తుంటే అప్పుడు వెలిగింది. తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. పుట్టి పెరిగిన పేట పేరే ఒక సెక్యూరిటీ సిస్టం! ఇన్నేళ్లూ బస్సు బోర్డు మీద చదువుతూ ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ పేరు వెనక ఊళ్లో చెప్పుకునే కథ ఒకటుంది. ఇప్పటి ఉస్మానియా యూనివర్సిటీ స్థలంలో కొంత ఒకప్పుడు మహ్‌లఖా బాయి చందాది. ఆవిడ ఉర్దూ కవయిత్రి, నిజాం దరబారులో పెద్ద పేరున్న మనిషి. 1768లో పుట్టి 1824లో పోయింది. సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది. అడిక్‌మెట్ వైపు ఆవిడ తోట చుట్టూ ముళ్ల తీగ కంచె, అక్కడో కాపలా చౌకీ ఉండేవట. అందుకే తార్ నాకా.

కథ బాగుంది కానీ నాకిక్కడ ఒక బగ్ కనిపించింది. అమెరికాలో గ్లిడెన్ అనే రైతు ముళ్ల తీగకి పేటెంటు తీసుకున్నది 1874లో. అంటే మహ్‌లఖా పోయిన యాభై ఏళ్లకి. కథలో తీగ నిజమైతే, అది తోట ఆవిడ చెయ్యి దాటిపోయాక వచ్చి ఉండాలి. తోట పేరు పోయింది, కంచె పేరు మిగిలింది. ఆ నేల మీద యూనివర్సిటీ వచ్చింది. 1934లో ఆర్ట్స్ కాలేజీకి పునాది వేశారు, 1939లో తలుపులు తెరిచారు.

సరే, ఇంటి అలారం సంగతికొస్తే, దాని చరిత్ర కూడా అచ్చంగా తీగా నాకా కథే. 1853లో అమెరికాలో ఆగస్టస్ పోప్ అనే ఆయన కరెంటు అలారానికి పేటెంటు తీసుకున్నాడు. తలుపో కిటికీనో తెరిస్తే బ్యాటరీ సర్క్యూటు కలుస్తుంది, గంట మోగుతుంది. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని వ్యాపారం మొదలెట్టాడు. ఆయన చేసిన అసలు పని గంటలు అమ్మడం కాదు. ఇళ్ల నుంచీ కొట్ల నుంచీ వచ్చే తీగలన్నీ ఒక ఆఫీసుకి చేర్చి, అక్కడ మనిషిని కూర్చోబెట్టడం. ఎక్కడ మోగితే అక్కడికి మనిషిని పంపడం. 1877లో బోస్టన్లో అవే తీగల మీద టెలిఫోన్లు కలిపి కూడా చూశారు. అంటే మన టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి పెద్దన్న దొంగల గంటే అన్నమాట!

పోప్ పద్ధతిలో ఒక లోపం ఉంది. దొంగ ముందే తీగ కోసేస్తే గంట మోగదు. తర్వాత వాళ్లు దీన్ని తిరగేశారు. కరెంటు ఎప్పుడూ పారుతూనే ఉండాలి, ఆగితే మోగాలి. సర్వర్లకి మనం హార్ట్‌బీట్ పెట్టేది ఇందుకే కదా. ఇప్పటి తలుపు సెన్సరులో ఉండేది అయస్కాంతం, రీడ్ స్విచ్. ఆ స్విచ్ 1936లో బెల్ ల్యాబ్స్‌లో ఎల్‌వుడ్ చేసింది. అంతా బానే ఉంది కానీ నేను కొన్న చవక రకం వైర్‌లెస్ సెన్సర్లు తలుపు తెరిస్తేనే మాట్లాడతాయి. బ్యాటరీ అయిపోయినా మౌనమే, అంతా క్షేమమైనా మౌనమే. అంటే మళ్లీ 1853కే వెళ్లామన్నమాట. వాటిని వెనక్కి పంపి, బతికున్నానని అప్పుడప్పుడూ చెప్పే రకం తెచ్చాను. కరెంటు పోతే బ్యాటరీ, నెట్టు పోతే సిమ్ము. మీరు కొనేటప్పుడు కూడా ఈ మూడూ చూసుకోండి, మిగతావన్నీ హంగులే.

ఆదివారం పొద్దున సైరన్ పరీక్ష. చెవులు చిల్లులు పడేలా రెండు నిమిషాలు మోగింది. ఎవరొచ్చారనుకుంటున్నారు? ఎవ్వరూ రాలేదు. ఎదురింటి అంకుల్ మాత్రం బాల్కనీలోంచి చూసి, ఏదో కారు అనుకుని లోపలికెళ్లిపోయారు. ఇంత చేసి నేను కట్టింది తీగే, నాకా లేదు.

ఇక హాల్లో కెమెరా పెట్టబోతే అమ్మ ఆపేసింది. "గది నా ముంగట పెట్టకు బిడ్డా. దొంగ ఎన్నడో ఒక్కసారి వస్తడు, గది నన్ను దినమంతా చూస్తది."

నాకు కోపమొచ్చింది, నీకోసమే కదా అని. తర్వాత మేరీ బ్రౌన్ గుర్తొచ్చింది. న్యూయార్కులో నర్సు. పిలిస్తే పోలీసులు త్వరగా వచ్చే పేట కాదు వాళ్లది. 1966లో భర్తతో కలిసి కెమెరాతో ఇంటి భద్రతకి పేటెంటు దరఖాస్తు చేసింది, 1969లో వచ్చింది. అందులో కెమెరా చూసేది గుమ్మం బయటికి. తెర ఉండేది లోపల, ఆవిడ దగ్గర. తలుపు తెరిచే మీట కూడా ఆవిడ చేతిలోనే. నేను చేయబోయింది సరిగ్గా దానికి తలకిందులు. కెమెరా అమ్మ వైపు, తెర నా చేతిలో.

కంచె ఎటు తిరిగి ఉందనేది ఈ పేటవాళ్లకి కొత్త ప్రశ్నేం కాదు. 2010లో తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు ఎన్.సి.సి. గేటు దగ్గర పోలీసులు ఇనుప కంచెలు వేశారు. నేనప్పుడు బడి పిల్లాణ్ణి. అవి బయటివాళ్లు లోపలికి రాకుండా వేశారనుకున్నాను. లోపలి విద్యార్థులు బయటికి రాకుండా అని అమ్మే చెప్పింది.

చివరికి కెమెరాలు రెండూ గేటుకి పెట్టాను, తెర వంటింట్లో అమ్మ ఎదురుగా. సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఎదురింటికీ పక్కింటికీ మూల మీద ఇస్త్రీ బండాయన దగ్గరికీ వెళ్లి, గట్టిగా మోగితే మా ఇల్లే, ఒకసారి తొంగి చూడండని చెప్పింది. మూడు నంబర్లూ సిస్టంలో నా నంబరు కన్నా పైన పెట్టాను. ఐదొందల డెబ్బై కిలోమీటర్ల దూరంలో ఉండి నేను చేయగలిగేది కంగారు పడటమే కదా.

మొన్న అర్ధరాత్రి ఫోన్ మోగింది. గుండె ఆగినంత పనైంది. పిల్లి గేటు దూకిందట. నేను ఫోన్ ఎత్తేలోపే అంకుల్ టార్చిలైటుతో వచ్చి చూసి వెళ్లిపోయారట.

తీగ నేను కట్టాను. నాకా అమ్మ కట్టుకుంది.