మెడ బిళ్ళలు: క్షయా? క్యాన్సరా? మూడవదా?

మెడలో బిళ్ళలు కట్టి, సాయంత్రానికి జ్వరం తగులుతూ, పిల్ల చిక్కిపోతుంటే మన ఇళ్ళలో పెద్దలకు ముందు తట్టేది గండమాల, అనగా క్షయ. పట్నం ఆసుపత్రికి వెళితే రెండవ భయం లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సరు. క్షయ విస్తారంగా ఉన్న దేశంలో మొదటి అనుమానం సహజమే. అయితే ఈ రెండూ కాని మూడవది ఒకటున్నది. మనవరాళ్ళున్న సభ్యులకు పనికివస్తుందని దాని చరిత్ర వ్రాస్తున్నాను.

1972లో జపానులో మసాహిరో కికుచి అనే పెథాలజిస్టు, విడిగా ఫుజిమోటో బృందం, ఒకే సంగతిని ప్రకటించారు. రోగులు ఎక్కువగా నలభై ఏళ్ళ లోపువారు, అందులోనూ స్త్రీలు. గ్రంథి ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే కొంత భాగం చచ్చిపోయి ఉంటుంది. చచ్చిన కణాల పొడిని మింగే హిస్టియోసైట్లు గుంపులు కట్టి ఉంటాయి. విచిత్రమేమంటే, అంత నాశనం జరిగినా చీము కణాలు దాదాపు కానరావు, క్షయ క్రిమీ దొరకదు. ఆ వ్యాసాలు జపాను భాషలో ఉండుటచేత ఇతర దేశాలకు ఆలస్యంగా తెలిసింది. అమెరికాలో 1983లో టర్నర్, డార్ఫ్‌మన్ ప్రభృతులు 30 కేసులు, 1988లో డార్ఫ్‌మన్, బెర్రీ 108 కేసులు పరిశీలించి, దీనిని లింఫోమా నుండి వేరుచేయడమెలాగో వివరించారు.

ఆ వేరుచేయడంలోనే ఉంది కష్టమంతా. బ్రతికున్న కణాలు కొన్ని పెద్దవిగా, వికారంగా కనబడి క్యాన్సరు అనిపిస్తాయి. ఫైలు మీద మొదట తప్పు హెడ్డింగు పడితే తరువాతి నోట్లన్నీ ఆ దారినే నడుస్తాయని మనకు తెలియనిది కాదు! అటు అవసరం లేని కీమోథెరపీ, ఇటు నెలల తరబడి క్షయ మందులు. సూదితో తీసిన నమూనా చాలాసార్లు చాలదు. గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షించాలి. అంతకు ముందే స్టెరాయిడ్లు వాడితే లింఫోమా ఉన్నా మరుగున పడవచ్చు. స్లైడ్లు, మైనపు దిమ్మ అడిగి తీసుకుంటే మరొక పెథాలజిస్టుకు చూపవచ్చును.

కారణం నేటికీ తేలలేదు. జ్వరానికి, నొప్పికి మందులిస్తే సాధారణంగా ఒకటి నుండి నాలుగు నెలల్లో దానంతట అదే తగ్గుతుంది. కొద్దిమందికి తిరగబెడుతుంది. మరికొందరిలో తరువాత లూపస్ అనే వ్యాధి బయటపడుతుంది గనుక, బిళ్ళ కరిగినా కొన్నేళ్ళపాటు డాక్టరుకు చూపిస్తూ ఉండాలని చెబుతారు.